ఊడివచ్చే జిగురు

నమూనా రైలుమార్గంలో చూపరుల కన్ను ఇంజన్ల మీదా స్టేషన్ల మీదా నిలిచినా, బండి సాఫీగా నడవడమన్నది బల్లమీద పట్టాలను పరచి అంటించిన తీరును బట్టే ఉంటుంది. బ్రిటన్‌లో విరివిగా వాడే ఓఓ గేజ్‌లో బండిని 76.2వ వంతుకు కుదిస్తారు. ఆ లెక్కన అక్కడి 1435 మిల్లీమీటర్ల పట్టాల ఎడం 18.83 కావలసి ఉండగా, వాడుకలో 16.5 దగ్గరే స్థిరపడింది. ఆ తేడాను సహించలేని కొందరు సరైన కొలతకు పట్టాలను తామే తయారు చేసుకుంటారు.

ఫ్లెక్సిబుల్ ట్రాక్, అంటే కావలసినట్టు వంచుకోగల పట్టా, సాధారణంగా గజం పొడవున, అనగా 914 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. ప్లాస్టిక్ స్లీపర్ల మీద పట్టాలు జారేలా అమర్చి ఉంటాయి కనుక, వంపు తిప్పినప్పుడు లోపలి పట్టా కొన బయటికి పొడుచుకువస్తుంది. ఆ మిగులును కోసి, అంచును ఆకురాయితో నున్నగా రుద్దిన తరువాతే ఫిష్‌ప్లేట్‌ను, అంటే రెండు కొనలను కలిపే చిన్న లోహపు తొడుగును, ఎక్కించాలి. కంటికి ఆనని మెట్టును కూడా వేలికొన పసిగడుతుంది: అతుకు మీద మెల్లగా నిమిరినప్పుడు గోరు ఎక్కడ తగులుతుందో, రేపు చక్రమూ అక్కడే తగులుతుంది. రాగి, నికెల్, జింకు కలిసిన నికెల్ సిల్వర్ పట్టా వేడి 20 డిగ్రీలు పెరిగితే గజానికి సుమారు 0.3 మిల్లీమీటర్లు సాగుతుంది కాబట్టి, అతుకుల్లో ఆ మేరకు సందు వదలడం తప్పనిసరి.

జిగురు ఎంత గట్టిదైతే అంత మేలన్న భావన ఈ పనిలో చేటు తెస్తుంది. వడ్రంగులు వాడే తెల్లజిగురును పట్టా కిందికి వేసే కార్క్ పట్టీ మీద పలుచగా పూసి, పట్టాను పరచి, బరువులు పెట్టి రాత్రంతా వదిలేస్తే చాలు. బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పాయింట్లలో కదిలే భాగాల కింద మాత్రం చుక్క కూడా పడకూడదు. తరువాత కొన్నాళ్లు బండ్లను ముందుకూ వెనక్కూ నడిపి, లోపాలన్నీ బయటపడ్డాకనే కంకర పోయాలి. అసలు మార్గంలో బరువును నేలకు పంచి, నీటిని నిలవనీయని ఈ కంకర నమూనాలో చివరి బిగింపుగా పనిచేస్తుంది. పొడి కంకరను కుంచెతో స్లీపర్ల నడుమకు సర్ది, గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీటిని తుంపరగా చల్లి, సగానికి సగం నీళ్లు కలిపిన జిగురును ఫిల్లర్‌తో బొట్టుబొట్టుగా వేస్తే, అది రాళ్ల సందుల్లోకి దానంతటదే ఇంకుతుంది. ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక వంపు తరువాత సరిదిద్దవలసి వస్తుంది. అప్పుడు దానిమీద గోరువెచ్చని నీరు చల్లి కొంతసేపు నాననిస్తే జిగురు మళ్లీ మెత్తబడి, సన్నని కత్తిని కిందుగా దూర్చగానే ఒక్క స్లీపరూ విరగకుండా పట్టా పైకి లేస్తుంది.