తలుపు దగ్గర చదువు

మస్కట్‌లో రూవీ అంటే బ్యాంకుల పేట. అక్కడ తలుపు దగ్గర నిలబడే భద్రతాధికారికి అసలు పనిముట్టు కళ్లే. పనేమీ లేకుండా మూడోసారి లోపలికొచ్చినవాడు, వదిలేసిన సంచి, నగదు వాహనం రాగానే ఆగిన కారు... ఇవి కనిపెట్టడం శిక్షణతోనే అబ్బుతుంది. పైగా ఒమానీ రియాల్ విలువ 1986 నుంచి సుమారు 2.6 డాలర్లు, చిన్న సంచిలోనూ పెద్ద సొమ్మే!

తలుపు లోపల పనిచేసే బ్యాంకు సిబ్బందికైతే శిక్షణ కోసం ఒమాన్‌లో 1983లోనే ఒక సంస్థ వెలిసింది.

ఇక తలుపు దగ్గర నిలబడేవాళ్ల శిక్షణ సంగతికొస్తే, మన దేశంలో 2005 నాటి చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనలు ప్రైవేటు కాపలాదారుకు 100 గంటల తరగతులు, 60 గంటల క్షేత్ర శిక్షణ కావాలంటాయి. మాజీ సైనికులకు 40, 16 గంటలు చాలు. తుపాకి వాళ్లకు కొత్త కాదు మరి. జీతాల రోజున చిరాకుపడే ఖాతాదారుణ్ని నవ్వుతూ వరుసలో నిలబెట్టడమే కొత్త.