వంక తిరిగిన ఏరు

వాగుకి తోడొచ్చే మాట వంక. వంపుకీ వంకే. ఆకాశంలో సన్నని చంద్రరేఖ నెలవంక. తప్పెన్నడానికీ వంకే పెడతాం! ఇన్నిటికీ ఒక్క మాట ఎందుకు పెట్టుకున్నామో సింగపూరులో, బిషాన్–ఆంగ్ మో కియో పార్కులో, కల్లాంగ్ నది ఒడ్డున గడిపిన ఒక పొద్దున నాకు తెలిసొచ్చింది.

ఒకప్పుడు ఈ నదికి వంకపెట్టినవాళ్లు ఉన్నారు. వరదనీరు త్వరగా పోవాలని పార్కు పక్కన దాన్ని 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువ చేశారు. గీత గీసినట్టు నిటారుగా, నీడలేక, పలుకులేక పారేది. 2006లో సింగపూరు తన నీళ్లకు మళ్లీ కళ తేవాలని సంకల్పించింది. జర్మన్ జలశిల్పి హెర్బర్ట్ డ్రైసైట్ల్ బృందం గీసిన ప్రణాళికతో ఆ కాలువ గోడలు కూలాయి. 2012 మార్చిలో పార్కు తెరిచేనాటికి ఆ భాగంలో నది పొడవు 3.2 కిలోమీటర్లు. ఆ పెరిగిన అరకిలోమీటరు ఎక్కడిదనుకున్నారు? అచ్చంగా ఒయ్యారానిది!

ఒక్క వంపు దగ్గర ఆగి చూడండి. లోపలి ఒడ్డున నీరు బద్ధకంగా, నిద్రమత్తులో ఉన్నట్టు, ఇసుకను నిమురుతూ ఉంటుంది. అవతలి ఒడ్డున అదే నీరు వడివడిగా, గలగలమంటూ, రాళ్లను ఒరుసుకుంటూ పోతుంది. విలంబితం, ద్రుతం ఒకే గొంతులో! ఆ ఒడ్లు సిమెంటువి కావు. కొమ్మల కట్టలు, రాళ్లు, ఆ రాళ్ల సందుల్లో చొరబడిన వేళ్లు మట్టిని పట్టి నిలిపాయి. ఆ పద్ధతులు పదింటిని ముందుగా ఓ పిల్లకాలువ మీద 60 మీటర్ల మేర పరీక్షించి చూశారట. కచేరీకి ముందు తంబుర శ్రుతి చూసుకోవడమంటే ఇదే. నా మోకాలి దగ్గర ఒక రెల్లుపోచ వంగి నీటిని తాకుతోంది. దాని కొసన ఎర్రని తూనీగ. ప్రవాహం లాగినప్పుడల్లా పోచ ఊగుతుంది, తూనీగ మాత్రం వదలదు. ఎంతసేపు చూశానో!

ఇక వాన. ఈ ప్రణాళికలో నాకు ప్రాణప్రదమైన భావం ఇక్కడుంది. వరదను తరిమేయలేదు, దానికి చోటు విడిచిపెట్టారు. పొద్దున పిల్లలు పరుగులు తీసిన పచ్చిక మధ్యాహ్నానికి ఏటి పాలవుతుంది. మబ్బు కమ్ముతుంది, హెచ్చరిక దీపాలు వెలుగుతాయి, జనం గట్టెక్కుతారు. సన్నని ఏరు ఒళ్లు విరుచుకుని దాదాపు 100 మీటర్ల వెడల్పున గోధుమవన్నెలో కదిలి వస్తుంది. ఏమి నిండుదనం, ఏమి రాజసం! వాన వెలిశాక నీరు తీసి, వంగిన గడ్డి మీద తడి మెరుపు మిగులుతుంది.

ఎవరూ తెచ్చి వదలకుండానే ఇక్కడికి ప్రాణులు వచ్చాయి. కొంగలొచ్చాయి, లకుముకిపిట్టలొచ్చాయి, నీటికుక్కలూ వచ్చాయి. మన కృష్ణా డెల్టా మడకాలువల్లోనూ ఉండే జాతే అది. నున్నని బొచ్చు, నల్లని కళ్లు, నోట్లో చేప. నడి నగరంలో అవి తమ కూనలతో ఈదులాడాయంటే అంతకు మించిన ప్రశంస ఏ విమర్శకుడు రాయగలడు?

పచ్చిక అక్కడక్కడ మరీ దువ్వినట్టుందని, ఇంకాస్త చెదిరి ఉంటే బాగుండునని నాకనిపించింది. కానీ పాత కాలువ పెళ్లలను పేర్చి కట్టిన చిన్న గుట్ట ఎక్కాక ఆ కొరత మరిచిపోయాను. నదిని బంధించిన సిమెంటే ఇప్పుడు నదిని చూడడానికి మెట్టు!

సింగపూరు వెళ్తే వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్లండి. నీళ్లలో అడుగుకొకటిగా పరిచిన రాళ్లుంటాయి. చెప్పులు చేతబట్టుకుని నడిమి రాయి దాకా నడిచి, కాసేపు అక్కడే నిలబడండి.