తన ముఖం, తన చెయ్యి

ఫొటోషూట్‌కి స్వయంగా మేకప్ వేసుకునేవాళ్లంటే నాకు భలే గౌరవం. స్టూడియో లైట్లు రంగును మింగేస్తాయి కాబట్టి బ్లష్, కనుబొమలు మామూలుకంటే ఓ పిసరు ముదురుగా దిద్దుతారు. ఫౌండేషన్ షేడును దవడ దగ్గర రాసి, కిటికీ వెలుగులో చూస్తారు. మెడను మరచిపోరు. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాస్తే, ఫ్లాష్ పడగానే ముఖం సున్నం కొట్టినట్టు తేలొచ్చు. అందుకే ముందే సెల్‌ఫోన్ ఫ్లాష్‌తో ఓ ఫొటో తీసి చూసుకుంటారు. అసలు పరీక్ష ఐలైనర్! కుడిచేతివాటం వాళ్లకు ఎడమకన్ను ఓ పట్టాన లొంగదు. మోచెయ్యి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, చిన్న చిన్న గీతలు గీసి కలుపుతారు. లైట్ల వేడికి నుదురు జిడ్డుగా మెరిస్తే అద్దుకోవడానికి బ్లాటింగ్ పేపర్ హ్యాండ్‌బ్యాగులో ఉండనే ఉంటుంది.