మధుమేహ పరిశోధనల తెలుగు కథనం: విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: మధుమేహం, కొవ్వు ఆమ్లాలు, ఇన్సులిన్, జంతు నమూనా, శాస్త్రానువాదం.

1. ఉపోద్ఘాతం:
బోనకల్ పరిసరాల వాడుకలో మధుమేహం ఏ రకమైనదైనా “షుగర్” అనే ఒక్క మాటే దానికి పేరు. ‘మధుమేహం’ అనే సమాసం మూత్రంలోని తీపిని చెబుతుంది. ‘షుగర్’ రక్తంలోని చక్కెరను చెబుతుంది. రెండూ లక్షణవాచకాలే గాని కారణవాచకాలు కావు. నిత్యవ్యవహారంలో ఇది లోపం కాదు. పరిశోధన ఫలితాలను తెలుగులో చెప్పేటప్పుడు ఈ మాటతోనే సరిపెట్టుకుంటే అర్థం ఎక్కడ తప్పుతుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. కొవ్వు - హార్మోన్:
ఇన్సులిన్ చక్కెరను మాత్రమే కాక, కొవ్వు కణజాలంలోని నిల్వలు కరిగిపోకుండా కూడా అదుపు చేస్తుంది. టైప్ 1 మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ లోపించి గ్లూకగాన్ ప్రభావం పెరిగినప్పుడు రక్తంలో కొవ్వు ఆమ్లాలు అధికమవుతాయి. కాలేయం వాటిని కీటోన్లుగా మారుస్తుంది. ప్రాణాంతకమైన కీటోఅసిడోసిస్ దాని పర్యవసానమే. ‘చక్కెర వ్యాధి’ అన్న పేరులో ఈ ప్రక్రియకు చోటు లేదు.

3. నమూనా భేదం:
1992లో భట్నాగర్ పురస్కారం పొందిన తెలుగు శాస్త్రవేత్త ఉండూర్తి నరసింహ దాస్ పరిశోధనలు ఇక్కడ గమనార్హం. అలోక్సాన్ అనే రసాయనం కలిగించే మధుమేహం నుంచి అరకిడోనిక్ ఆమ్లం రక్షణ ఇస్తుందని 2001లో సహరచయితతో కలిసి ఆయన ప్రచురించారు. ఒమేగా-6, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలపై పత్రాలు 2003లో వచ్చాయి. అలోక్సాన్ బీటా కణాలను విషంలా నేరుగా చంపుతుంది. 1980లో జపాన్ పరిశోధకులు వెల్లడించిన ఎన్.ఓ.డి. చిట్టెలుకలో మాత్రం మానవుల టైప్ 1లో వలె రక్షణ కణాలే క్రమంగా ఆ పని చేస్తాయి. వ్యాధి ఆడ చిట్టెలుకల్లో ఎక్కువ. రెండింటినీ ‘మధుమేహపు ఎలుకలు’ అని అనువదిస్తే విషప్రభావమూ స్వయం ప్రతిరక్షక చర్యా ఒకటే అయిపోతాయి. ‘ఎలుక’, ‘చిట్టెలుక’ అనే భేదం తెలుగులో ఉండగా దాన్ని వదులుకోవలసిన అవసరం లేదు.

4. అనువాద బాధ్యత:
‘రక్షణ ఇచ్చింది’ అన్నది ‘నయం చేసింది’గా మారడం మరింత ప్రమాదకరం. మొదటిది నివారణ, రెండవది చికిత్స. “ఫలానా నూనెతో షుగర్ నయం” అన్న వాక్యం టైప్ 1 ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులు చదివి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం కలుగుతుంది. భాషాదోషం ఇక్కడ శైలికి సంబంధించినది కాదు.

5. ముగింపు:
ఏ జంతువు, వ్యాధిని కలిగించిన విధానం, కొవ్వు ఆమ్లం ఇచ్చిన దశ అనే మూడు అంశాలు లేని తెలుగు కథనాన్ని అసంపూర్ణంగానే పరిగణించాలి. ‘షుగర్’ను వాడుక నుంచి తొలగించనక్కరలేదు, ‘టైప్ 1’ అన్న విశేషణాన్ని మాత్రం విడవరాదు. శాస్త్రానువాదాన్ని మూల్యాంకనం చేసే తెలుగు విమర్శకు పదసౌందర్యం కన్నా ఈ అర్థనిర్దిష్టతే మొదటి ప్రమాణం కావాలి.