అనుమతి – ప్రతిఫలం : నాప్‌స్టర్ వివాదంలో రెండు వాదనలు

పాటలను అంతర్జాలం నుండి ఉచితంగా దించుకోవడం చౌర్యమేనా? 2000లో అమెరికాలో ఇద్దరు సంగీతకారులు దీనికి భిన్నమైన సమాధానాలిచ్చారు. నాప్‌స్టర్‌పై దావా వేసిన మెటాలికా బృందపు డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్, సృష్టికర్త అనుమతి లేని పంపిణీని సెనేట్ కమిటీ ఎదుట ఖండించారు. గాయని కోర్ట్‌నీ లవ్ మాత్రం అసలు దోపిడీ రికార్డు కంపెనీల ఒప్పందాలలోనే ఉందని వాదించారు.

పాటను ఉచితంగా ఇవ్వాలో వద్దో నిర్ణయించవలసింది కళాకారుడే అన్న ఉల్రిచ్ వాదన నిర్వివాదం. అయితే శ్రోత చెల్లించిన సొమ్ము కళాకారునికి చేరుతుందో లేదో అనుమతి ఒక్కటే తేల్చదు. లవ్ వాదన ఆ లోపాన్ని ఎత్తిచూపుతుంది; కాని కంపెనీ చేసే అన్యాయం శ్రోత ఎగవేతకు సమర్థన కాజాలదు.

భారత కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ ఈ రెండవ ప్రశ్నకే సమాధానం. సినిమా హాళ్లలో ప్రదర్శనకు తప్ప ఇతర వినియోగాలకు వచ్చే రాయల్టీలో గీతరచయితకూ స్వరకర్తకూ సమాన వాటాను అది వదులుకోరాని హక్కుగా చేసింది. శ్రోత నిజాయితీ కళాకారునికి అన్నం పెట్టాలంటే ఒప్పందంలోనూ నిజాయితీ ఉండాలి.