ఉప్పు తగినంత

వంటల పుస్తకాల్లో ఒక మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. కారం రెండు చెంచాలు, చింతపండు నిమ్మకాయంత, ఉప్పు తగినంత. వంట వచ్చినవాళ్లకి ఆ "తగినంత" అక్కర్లేదు. రానివాళ్లకి దాంతో పని జరగదు. చేతిపనిని కాగితం మీద పెట్టబోయే ప్రతి రచయితా ఏదో ఒక పేజీలో ఈ మాట దగ్గరికి రాక తప్పదు. అక్కడికొచ్చాక ఏం చేశాడన్నదాన్ని బట్టే అది పుస్తకమో, పచారీ చీటీనో తేలిపోతుంది.

కొంతకాలంగా నేను చదువుతున్నవి ఉప్పునీటి చేపల కోసం ఫ్లైలు కట్టడం నేర్పే అమెరికన్ పుస్తకాలు. బల్లకి వైస్ బిగించుకుని, పేజీ పక్కనే కొక్కెం పెట్టుకుని చదువుతున్నాను. వీటి మీద సాహిత్య పత్రికలో వ్యాసమేంటని ఎవరైనా అడగొచ్చు. చేపల వేట మీద ఇంగ్లీషులో మంచి వచనానికి కొదవ లేదు. నార్మన్ మెక్లీన్ 1976లో అచ్చువేసిన "ఎ రివర్ రన్స్ త్రూ ఇట్" 1992 నాటి సినిమా వల్ల మనవాళ్లలో కూడా చాలామందికి తెలుసు. థామస్ మెక్‌గ్వేన్ "ద లాంగెస్ట్ సైలెన్స్" (1999) వాక్యాల కోసమే చదవొచ్చు. కానీ ఆ వచనం ఎక్కువగా నీళ్ల ఒడ్డునే నడుస్తుంది. దీపం కింద కూర్చుని కట్టే పనిని మాన్యువల్స్‌కి వదిలేశారు. నాకు మాత్రం అసలు సాహిత్య సమస్య అక్కడే ఉందనిపిస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు దారంతో కట్టి చేసే ఉత్తుత్తి ఎర. నదుల్లో ట్రౌట్ చేపలు పురుగుల్ని తింటాయి కాబట్టి ఈగ అన్న పేరొచ్చింది. సముద్రంలో చేపలు తినేవి చిన్నచేపలు, రొయ్యలు, పీతలు. ఈగ లేకపోయినా పేరు అలాగే ఉండిపోయింది. మామూలు గాలంలో బరువు ఎరకో, సీసం గుండుకో ఉంటుంది, అది దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో అంతా తిరగేసి. బరువు దారంలో ఉంటుంది, ఎర దాని వెనకాల ఎగురుతూ పోతుంది. అంటే ఎర జానెడు చేపలా కనపడాలి గానీ బరువుండకూడదు. నీళ్లు పీల్చి మొయ్యలేనంత అయిపోకూడదు. సముద్రపు ఎదురుగాలిని చీల్చుకుని పోవాలి. పళ్లున్న చేప కొరికినా ఊడిపోకూడదు. ఒకదానికొకటి పడని ఇలాంటి కోరికల జాబితాలు నా ఉద్యోగంలో రోజూ చూస్తుంటాను, అందుకేనేమో ఈ పుస్తకాలు తొందరగా పట్టుకున్నాయి.

వీటికి పూర్తి ఎదురుగా నిలబడే పుస్తకం జార్జ్ కెల్సన్ "ద సామన్ ఫ్లై" (1895). విక్టోరియన్ కాలపు సామన్ చేపల ఫ్లైలకి అది పెద్ద బాలశిక్ష లాంటిది. ఒక్కో ఫ్లైకి ఒక్కో పేరు, ఒక్కో కొలువు. టూకన్, బస్టర్డ్, చాటరర్, ఇండియన్ క్రో... ఈ ఇండియన్ క్రోకి ఇండియాతో సంబంధం లేదు, అది దక్షిణ అమెరికా పక్షి. మనదైన పక్షి ఇంకొకటుంది: జంగిల్ కాక్, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి. దాని మెడ ఈకల మీద మైనం చుక్కల్లాంటి మెరిసే మచ్చలుంటాయి. వాటి కోసం ఆ కోళ్ల మెడ తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు చేరేవి. ఇప్పుడా ఎగుమతి నిషేధం.

కెల్సన్ పుస్తకం చదువుతుంటే ప్రబంధాల్లో వర్ణనల పట్టిక చూస్తున్నట్టుంటుంది. ఏ ఈక తర్వాత ఏ ఈక, ఎన్ని పోగులు అని చెబుతాడు. ఆ ఈకే ఎందుకు అన్న ప్రశ్నకి దొరికే జవాబులు మాత్రం నన్ను ఒప్పించవు. చేపకి అవి కావాలా వద్దా అన్న సంగతి పక్కకిపోయి, కొన్నాళ్లకి కట్టడమే ఒక ఆరాధన అయిపోయింది. ఇవాళ ఈ ఫ్లైలు కట్టేవాళ్లలో చేపలు పట్టనివాళ్లు కూడా ఉన్నారు. ఈ మోజు ఎంతదూరం పోతుందో కర్క్ వాలెస్ జాన్సన్ "ద ఫెదర్ థీఫ్" (2018)లో రాశాడు. 2009లో ఇరవయ్యేళ్ల ఫ్లూట్ విద్యార్థి ఒకడు ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం కిటికీ పగలగొట్టి 299 పక్షుల చర్మాలు ఎత్తుకుపోయాడు. వాటిలో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ సేకరించినవీ ఉన్నాయి. ఈకల కోసమే అదంతా. నీళ్లు తగలని అందం అంటే నాకు ముందు ఆ పెట్టెలే గుర్తొస్తాయి.

ఉప్పునీటివాళ్లు వేరే కులస్థులు. లెఫ్టీ క్రే (1925-2018) మేరీల్యాండ్‌లో పత్రికలకి కాలమ్స్ రాసిన మనిషి. 1950ల చివర్లో చెసపీక్ అఖాతంలో స్ట్రైప్డ్ బాస్ కోసం ఆయన రూపొందించిన ఫ్లై పేరు "డిసీవర్", మోసగాడన్నమాట. 1991లో అమెరికా తపాలాశాఖ దాని బొమ్మతో 29 సెంట్ల స్టాంపు వేసింది. కట్టడం చెప్పుకుంటే ఇంతే: కొక్కెం వంపు దగ్గర కోడి ఈకలు, ముందువైపు చుట్టూ జింకతోక వెంట్రుకల పట్టీ. ఈకలు అంత వెనక్కి ఎందుకంటే, విసిరినప్పుడు అవి కొక్కేనికి చుట్టుకోకుండా. వెంట్రుకల పట్టీ ఎందుకంటే, నీళ్లలో చేప ఒడ్డూపొడుగూ రావడానికి, గాల్లోకి లేపగానే అణిగిపోవడానికి. ప్రతి ముడి వెనకా ఒక ఇబ్బంది ఉంది. రంగు మార్చుకోండి, పొడవు మార్చుకోండి, అది డిసీవరే. కెల్సన్ ఫ్లైలు అక్షరం మారకుండా అప్పజెప్పాల్సిన పద్యాలైతే, ఇది ఉత్పలమాల లాంటిది. గణాలు, యతి, ప్రాస ఇస్తుంది, పద్యం మీరు రాసుకోవాలి.

ఇంత తెలిసిన క్రే తన "సాల్ట్‌వాటర్ ఫ్లై పాటర్న్స్" పుస్తకంలో మాత్రం మళ్లీ పచారీ చీటీ రాశాడని నా ఫిర్యాదు. కొక్కెం: ఫలానా. దారం: తెల్లది. తోక: ఫలానా. ఫోటో. మళ్లీ ఇంకో ఫ్లై. క్రియాపదం లేని వచనం. పక్కన పెట్టుకుని వెతుక్కోవడానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. నేర్చుకోవడానికి మాత్రం మనిషి కావాలి.

ఈ రకం చీటీల్లో "తగినంత"కి బదులుగా వచ్చే మాట "పల్చగా". క్లౌజర్ మిన్నోనే తీసుకోండి. పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద గైడుగా పనిచేసిన బాబ్ క్లౌజర్ 1980ల్లో చేసిన ఫ్లై ఇది. పుట్టింది మంచినీళ్లలో, రాజ్యం చేసింది సముద్రంలో. డంబెల్ ఆకారంలో ఉన్న సీసం కళ్లని కొక్కెం కాడకి పైవైపు కడతారు. ఆ బరువుకి ఫ్లై తిరగబడి కొక్కెం మొన పైకి వస్తుంది, అడుగున రాళ్లకి తగులుకోదు. మీదా కిందా కాసిని జింక వెంట్రుకలు, మధ్యలో నాలుగు మెరుపు పోగులు. అంతే. ఆ "కాసిని" ఎంత? కొత్తవాళ్లందరి చెయ్యీ ఇక్కడ బరువే. గుప్పెడు వెంట్రుకలు పెడితే వైస్ మీద నిండుగా, ముచ్చటగా ఉంటుంది. నీళ్లలో వేస్తే పళ్లు తోముకునే బ్రష్షులా బిగుసుకుపోతుంది. వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య ఖాళీ ఉంటేనే నీరు దూరి వాటిని కదిలిస్తుంది, వెలుతురు అటునుంచి ఇటు వస్తుంది. "పల్చగా" అని వందసార్లు రాసినా చేతికి ఎక్కదు. ఖాళీ చేసే పని ఏమిటో చెబితే ఎక్కుతుంది.

అది చెప్పిన పుస్తకం, నా లెక్కలో వీటన్నిటిలోకీ గొప్పది, బాబ్ పొపోవిక్స్, ఎడ్ జవరౌస్కీ కలిసి 2001లో తెచ్చిన "పాప్ ఫ్లైస్". పొపోవిక్స్ న్యూజెర్సీ తీరంలో రెస్టారెంట్ నడిపిన మనిషి. ఎడిసన్‌లో ఉండే తెలుగువాళ్లు వేసవిలో పిల్లలతో పోయే తీరమే అది. ఫ్లై అన్న ఇంగ్లీషు మాట స్పెల్లింగులోకి కన్ను అన్న మాటని ఇరికించి తన ఫ్లైలకి బ్రాండు పేరు పెట్టుకున్నాడు. ఆ చమత్కారం నాకు నచ్చదు. కానీ ఉపశీర్షికలో నమూనాలని కాకుండా "డిజైన్" అని రాశాడు, ఆ మాటకి కట్టుబడ్డాడు కూడా.

ఉదాహరణకి సర్ఫ్ క్యాండీ. బ్లూఫిష్ పళ్లకి వెంట్రుకల ఫ్లైలు రెండు కాట్లలో చిరిగిపోతాయి. అందుకని ముందు భాగానికి ఎపాక్సీ పోసి గట్టిపరిచాడు. గట్టిదనం కోసం పోసిన ఎపాక్సీ గాజులా పారదర్శకంగా వచ్చింది, దాంతో ఫ్లై అచ్చం గాజుపొట్ట చిన్నచేపలా తయారైంది. పోలిక వచ్చిన దారి చూడండి. పళ్ల సమస్య తీర్చబోతే వెనకాలే నడిచొచ్చింది.

హాలో ఫ్లై ఇంకా ఆశ్చర్యం. స్ట్రైప్డ్ బాస్ తినే మెన్‌హేడెన్ చేప పొడుగు, వెడల్పు కూడా. అంత ఆకారం నిండా వెంట్రుకలు కూరితే విసరడం మనిషి వల్ల కాదు. పొపోవిక్స్ వెంట్రుకల్ని కొసలు ముందుకి ఉండేలా, కాడ చుట్టూ పరిచి కట్టాడు. తర్వాత ఖాళీ గొట్టం లాంటిదానితో వాటిని వెనక్కి తోసి, ముందు దారంతో కట్ట వేశాడు. వెంట్రుకలు గొడుగులా నిలబడతాయి. లోపలంతా ఖాళీ. నీళ్లలో పెద్ద చేప, పైకి తియ్యగానే నీరు కారిపోయి సన్నటి పుల్ల. బొమ్మకి కావలసింది చేప శరీరమే కాదు, అది నీటిని ఎంత పక్కకి తోస్తుందో అది కూడా అని ఈ పేజీలు చదువుతుంటే తెలుస్తుంది.

మన సమీక్షల్లో "జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించారు" అన్నది ఇప్పటికీ అన్నిటికన్నా పెద్ద మెప్పు. దాంతో నాకున్న పేచీ ఈ పుస్తకాల వల్ల ఇంకా ముదిరింది. ఈమధ్య కథల సంపుటాలు తెరిస్తే యాస సరిగ్గా ఉంటుంది, కూరల పేర్లు, చెట్ల పేర్లు, వీధి పేర్లు, పిన్నీ బాబాయిల మాటతీరు అన్నీ సరిగ్గా ఉంటాయి. పొలుసు పొలుసూ అతికించినట్టు. వైస్ మీద చూస్తే ముచ్చటేస్తుంది. నీళ్లలో వేస్తే కదలదు. మంచి ఫ్లైకి చాలాసార్లు రెక్కలుండవు, పొలుసులుండవు, మొప్పలుండవు. కన్ను ఒక్కటి మాత్రం ఉండాల్సిన దానికంటే పెద్దది పెడతారు. ఏది వదిలెయ్యాలో, ఏది పెంచి చూపాలో తెలిసినవాడు కట్టింది అది. మన దగ్గర దీన్ని సూచన అన్నారు, ధ్వని అన్నారు, కానీ వాస్తవికత పేరు చెప్పగానే వాటిని పాత పెట్టెలో పెట్టేస్తున్నాం. వివరం ఎంత అన్నది కాదు నా గొడవ, వివరాల మధ్య ఖాళీ ఎంత అన్నది. ఎడిటర్లు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదేనేమో.

ఈ పోలికని మరీ లాగకూడదు. చేపకి మోసపోవడంలో సరదా లేదు. పాఠకుడు మోసమని తెలిసే, డబ్బిచ్చి మరీ నోరు తెరుస్తాడు.

"పాప్ ఫ్లైస్"కి లోపాలు లేకపోలేదు. వీరపూజ ఎక్కువ. వాక్యం చెయ్యాల్సిన పనిని చాలాచోట్ల ఫోటోకి అప్పగించేశారు. దారం బిగువు గురించి నాకు కావలసినంత లేదు, ఫోటోలో కనపడనిది అదొక్కటే మరి. మొదటి చుట్టు వదులుగా వేసి రెండోది లాగాలి, ఎంత లాగితే తెగుతుందో దానికి ఇంచుక ముందు ఆగాలి. ఇది చెప్పడానికి ఫోటో పనికిరాదు.

ఇంకోటి, కర్తృత్వం సంగతి. బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో బోన్‌ఫిష్ గైడు చార్లీ స్మిత్. ఆయన పేరు మీద "క్రేజీ చార్లీ" అని ప్రపంచమంతా వాడే ఫ్లై ఉంది. దాన్ని 1977లో ఆయన పడవలో వేటకెళ్లిన కాలిఫోర్నియా మనిషి బాబ్ నౌహైమ్ చేశాడని ఒక కథనం, చార్లీనే కట్టాడని ఇంకోటి. మొదట "నాస్టీ చార్లీ" అని ఉండేది, అమ్మకాల కేటలాగులోకి ఎక్కేటప్పుడు పేరు మార్చారు. డిజైన్ పుస్తకాలకి ఒక పేరు కావాలి, కాబట్టి ఒకరికే దక్కుతుంది. దుకాణంలో డజన్లలెక్కన దొరికే ఫ్లైలు ఎక్కడ కడతారో చూస్తే ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. ఆ పనికి కెన్యా ఎన్నాళ్లనుంచో పెద్ద కేంద్రం. అక్కడ ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని, తాము ఎప్పుడూ పట్టబోని చేపల కోసం నమూనా చూసి రోజుకి ఎన్నో కడతారు. వెంట్రుకలు ఎన్నో లెక్కపెట్టరు, వేళ్లతో తీస్తే అన్నే వస్తాయి. క్రే, పొపోవిక్స్ పుస్తకాలు ముగించాక నాకు చదవాలనిపించింది వాళ్లలో ఒకరు చెబుతుంటే రాసుకున్న పుస్తకం. మొదటి చుట్టు దగ్గర వేలు ఎక్కడ పెడుతుంది, సాయంత్రమయ్యేసరికి ఏ వేలు ముందు నొప్పెడుతుంది, నమూనా తప్పుగా ఉందని చెయ్యికి తెలిసినప్పుడు ఏం చేస్తుంది.