ఉప్పు పండించే చేతులు

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు పండించేవాళ్ల పని చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఉప్పంటే సోడియం, క్లోరిన్‌ల కలయిక. సోడియం పరమాణువు తన 11 ఎలక్ట్రాన్లలో చివరిదాన్ని క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి రుణావేశం. ఆ రెంటి మధ్య ఆకర్షణే అయానిక బంధం. సముద్రంలో మాత్రం నీటి అణువులు ఆ అయాన్లను చుట్టుముట్టి విడదీసి ఉంచుతాయి. వాటిని మళ్లీ కలిపేది ఉప్పు రైతులే.

ఎండ ఉంటే చాలనుకుంటాం. చాలదు. ముందు మడి అడుగును కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరచాలి. లేకపోతే నీరు ఇంకిపోతుంది, ఉప్పుకు మట్టి అంటుతుంది. ఆపైన నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ చిక్కబరుస్తారు. జిప్సం ముందే దిగిపోతుంది. నీటి చిక్కదనాన్ని చెప్పే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గర ఉప్పు పేరుకుంటుంది. చివరికి మిగిలే చేదునీటిని సకాలంలో తీసేయాలి. అందులోని మెగ్నీషియం లవణాలు కలిస్తే ఉప్పు ఊరికే చెమ్మగిల్లుతుంది. ఎప్పుడు తీయాలో తెలియడంలోనే ఉంది పనితనమంతా.

గళ్లుప్పు పలుకొకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. చదునైన ముఖాలు, పదునైన అంచులు. లోపల ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. వేడికి ఆ పట్టు సడలి కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అంత గట్టి పంటను మండుటెండలో, పాదాలు పగిలే ఉప్పునీళ్లలో నిలబడి, పలకతో లాగి గట్టున కుప్పపోస్తారు. మడిలో ఉండగా ఒక్క అకాల వాన పడిందా, రోజుల కష్టం మళ్లీ నీళ్లే.